పానకన్యాయము - నంజు: తెలుగింటి రుచిమేళనమును గూర్చిన విమర్శ

1

కావ్యమునకు ప్రాణమేది యను ప్రశ్నకు మన యాలంకారికులు చెప్పిన సమాధానములలో అన్నింటికంటె నిలుకడగలది రసము. ఈ మాట వంటయింటినుండి వచ్చినదని యందఱు నెఱుగుదురు. కాని యెఱిగియుండుట వేఱు. ఆ యెఱుకను తుదముట్ట వినియోగించుకొనుట వేఱు. భరతుడు మొదలు విశ్వనాథుని వఱకు రసనిరూపణము చేసిన పెద్దలు భోజనమును దృష్టాంతముగా గైకొనిరి. ఆధునిక విమర్శకులు ఆ దృష్టాంతమును ఒక్క వాక్యములో పేర్కొని, వెంటనే విభావానుభావముల చర్చలో ప్రవేశించుచున్నారు. దృష్టాంతము నిచ్చిన వంటయింటిలో రుచులు ఏ రీతిని కలియుచున్నవో, ఎవరు కలుపుచున్నారో, ఎందుకు కలుపుచున్నారో విచారించుట అరుదు.

ఈ యుపేక్షవలన రెండు నష్టములు కలుగుచున్నవి. మొదటిది సిద్ధాంతమునకు సంబంధించినది. రుచుల కలయికలో అనేక రీతులుండగా ఒక్క రీతినే ప్రమాణముగా గొని, కావ్యములన్నింటిని దానితోనే తూచుచున్నాము. రెండవది బోధనకు సంబంధించినది. ప్రబంధములలోని భోజనవర్ణనలను వంటకముల పట్టికలని తలచి దాటిపోవుచున్నాము. నిఘంటువు ‘భక్ష్యవిశేషము’ అనును. టీక ‘ఒకానొక వంటకము’ అనును. తరగతి ముందునకు సాగును. ఆ పద్యమున కవి యేమి చేసెనో విద్యార్థికి తెలియదు.

ఇంటివంటలో రుచులను జతపఱచుట కేవలము అలవాటు కాదనియు, అది నిత్యము క్రొత్తగా జరుగు నిర్ణయమనియు, తెలుగునాట ఆ నిర్ణయము ముఖ్యముగా ‘నంజు’ అను పద్ధతి ననుసరించుననియు మా యభిప్రాయము. ఈ పద్ధతిని గుర్తించినచో మన కావ్యములలోని కొన్ని ప్రసిద్ధపద్యములు ఇంకొక తీరున అర్థమగునని ఈ వ్యాసమున నిరూపింప దలచితిమి.

2

నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున భరతుడు, పలువిధములైన వ్యంజనములు, ఓషధులు, ద్రవ్యములు కూడుటవలన రుచి యెట్లు సిద్ధించునో, పలువిధములైన భావములు కూడుటవలన నాట్యరసమట్లు సిద్ధించునని చెప్పెను. ఇచ్చట గమనింపవలసిన యంశములు రెండు. సిద్ధించిన రుచి యే ద్రవ్యమునందును విడిగా నున్నది కాదు, కలయికవలననే పుట్టినది. అంతియకాక, దానిని మంచిమనస్సుతో భుజించు వ్యక్తిని భరతుడు మఱవలేదు. తినువాడు లేక రుచి లేదు.

‘వ్యంజనము’ అను పదము ప్రత్యేకముగా విచారింపదగినది. అన్నమునకు తోడుగా తినబడు కూర, పచ్చడి మొదలగువానికది పేరు. వ్యక్తము చేయునది యని దాని ధాత్వర్థము. అన్నమున అణగియున్న రుచిని బయటికి దెచ్చునది గావున అది వ్యంజనమైనది. ధ్వనివాదులు శబ్దమునందలి మూడవ శక్తికి పెట్టిన ‘వ్యంజన’ యను పేరును ఈ ధాతువునుండి పుట్టినదే. కూరకును ధ్వనికిని గల యీ చుట్టఱికము వినోదమునకు చెప్పునది కాదు. తోడువస్తువు ప్రధానవస్తువును వెల్లడించుననుట రెండుచోట్లను సమానము.

తరువాతి యాలంకారికులు ఈ విశాలమైన దృష్టాంతమును కొంత కుదించిరి. అభినవగుప్తుడు, మమ్మటుడు, విశ్వనాథుడు రసాస్వాదమును పానకముతో పోల్చిరి. బెల్లము, మిరియము మొదలగునవి పానకమున తమతమ ప్రత్యేకతను కోల్పోయి యొక్క రుచియైనట్లు, విభావాదులు తమ భేదమును విడిచి అఖండమైన రసమగునని వారి తాత్పర్యము. రసము అఖండమని స్థాపించుటకు ఇంతకంటె చక్కని యుపమానము దొరకదు. కాని పానకము ద్రవము. అందు కలిసిన వస్తువు మఱల విడివడదు. భరతుడు చూపినది నిండు విస్తరి. వీరు చూపినది ఒక్క పాత్ర.

తెలుగింట శ్రీరామనవమినాడు ఏమి జరుగుచున్నదో చూడుడు. బెల్లము, మిరియము, ఏలకి కలిపిన పానకము ఒక పాత్రలో నుండును. నానబెట్టిన పెసరపప్పు, అనగా వడపప్పు, దాని ప్రక్కనుండును. పానకమును త్రాగుచు వడపప్పును నములుదుము. ఒకటి తీయనిది, ఘాటైనది, జాఱునది; మఱియొకటి చప్పనిది, పంటికి దగులునది. వడపప్పును పానకములో పోసి యిచ్చువారు లేరు. ఆలంకారికులు అఖండత్వమునకు గుఱుతుగా గొన్న పానకమే మన యింట ఒంటరిగా రాక, తనలో కలియని తోడును వెంటబెట్టుకొని వచ్చుచున్నది. పానకములో పుడక దోషము. పానకము ప్రక్కన వడపప్పు గుణము. ఈ రెండు వాక్యముల నడుమ నున్న తేడాయే మా వ్యాసమునకు మూలము.

3

తెలుగింటి భోజనమున రుచులు కలియు తీరులు మూడు. పొయ్యిమీద కలియుట మొదటిది. విస్తరిలో చేతితో కలియుట రెండవది. నోటియందు మాత్రమే కలియుట మూడవది. మూడవదానికే నంజుకొనుట యని పేరు. తోడుగా నుంచుకొను వస్తువు నంజు. ఈ శబ్దమునకు విషమను అర్థమును గలదు. అది యిచ్చట ప్రసక్తము కాదు.

మొదటి తీరునకు పులుసు మంచి యుదాహరణము. చింతపండు పులుపును బెల్లము తీపి మెత్తబఱచును. ఉప్పు రెండింటిని నిలబెట్టును. గుమ్మడి, ములగ, ఆనప ముక్కలు ఆ రసమును పీల్చుకొనును. ఇది పానకన్యాయమునకు దగ్గఱ. చింతచిగురుతో పప్పును, గోంగూరతో మాంసమును, తీరమున చింతచిగురుతో రొయ్యలను వండుటయు ఈ తీరులోనివే. మాంసమునందును, పప్పునందును గల బరువైన రుచిని ఆకుపులుపు తేలికపఱచును.

ఇచ్చట గృహిణి చేయు సృజన యెట్టిది? ఆమె ఒక స్థానమును నిలిపి, ఆ స్థానమును పూరించు వస్తువును మార్చును. పప్పునకు పులుపు కావలెననునది స్థానము. వేసవి తొలినాళ్ళలో చింతచిగురు, పిమ్మట మామిడికాయ, వానలలో గోంగూర, ఏదియు లేనినాడు పాతచింతపండు ఆ స్థానమున నిలుచును. ప్రతి మార్పునకు తగినట్లు ఉప్పుకారములు మాఱును, తాలింపు మాఱును. ఛందస్సునందు గణము నిలిచి పదము మాఱినట్లే ఇదియు. నియమము లేనిచో క్రొత్తదనము గుర్తింపబడదు. క్రొత్తదనము లేనిచో నియమము జడమగును.

ఆవ విషయము మఱింత సూక్ష్మమైనది. ఒక్క ఆవగింజయే రెండు విధముల పనిచేయును. కాగిన నూనెలో చిటపటలాడించినపుడు దానియందు ఘాటుండదు, వేగిన కమ్మదనముండును. నీటితో నానబెట్టి నూఱినపుడు ముక్కునకెక్కు ఘాటు పుట్టును. గింజ నలిగి తేమ తగిలినపుడు అందలి యొక ఎంజైము ఆ ఘాటుద్రవ్యమును పుట్టించుననియు, వేడిమి ఆ ఎంజైమును చంపుననియు రసాయనశాస్త్రము చెప్పుచున్నది. ఈ కారణమును ఎవరును చెప్పకమునుపే, పనసపొట్టు కూరకుగాని అరటికాయ కూరకుగాని ఆవ పెట్టు గృహిణి కూరను పొయ్యిమీదినుండి దించిన పిదపనే నూఱిన ముద్దను కలుపుచు వచ్చినది. తాలింపులో ఒకమాఱు, దించిన పిదప ఒకమాఱు, ఒకే గింజను రెండు రుచులుగా ఒక్క కూరలో జతపఱచుట సామాన్యమైన నేర్పు కాదు. ఒకే శబ్దమును రెండర్థముల నిలుపు శ్లేషకవికి ఇందు పాఠము గలదు.

రెండవ తీరు విస్తరిలోనిది. ముద్దపప్పు, ఆవకాయ, నేయి మూడును వేడియన్నమున కలిసినపుడు పుట్టు రుచిని వేఱుగ వర్ణింప నక్కఱలేదు. పప్పు చప్పదనము, ఆవకాయ పులుపుకారములు, నేతి కమ్మదనము ఒకదానినొకటి అదుపులో నుంచును. ఇచ్చట కలుపువాడు తినువాడే. ఎంత పప్పునకు ఎంత ఊట యనునది అతని చేతిలోనున్నది. వండినవారు పని సగము ముగించి, తక్కినదానిని భోక్తకు విడిచిరి. భరతుడు మఱువని భోక్త ఇచ్చట కర్తయు నగుచున్నాడు.

మూడవ తీరు నంజు. పెరుగన్నమునకు మాగాయ, గోంగూర పచ్చడి కలిపిన యన్నమునకు పచ్చియుల్లిపాయ, పెసరట్టునకు అల్లపు పచ్చడి, రాయలసీమలో రాగిసంగటికి వేరుసెనగ పచ్చడి, తెలంగాణమున కిచిడికి పచ్చిపులుసు, అంబలికి పచ్చిమిరపకాయ. కందిపచ్చడి కలిపిన ముద్దకు పచ్చిపులుసును తోడు చేయుటయు ప్రసిద్ధమే. కందిపచ్చడి వేయించిన పప్పు వాసనగలది, పొడిగా నుండునది. పచ్చిపులుసు పొయ్యి యెఱుగనిది, పలుచనిది. ఈ జతలన్నింట ఒక లక్షణము కనబడుచున్నది. జతగూడిన రెండు వస్తువులును ఏదో యొక గుణమున ఎదురెదురుగా నుండును: వేడికి చలువ, మెత్తనిదానికి కరకరలాడునది, చప్పనిదానికి కారము, చిక్కనిదానికి పలుచనిది. వెలుపల కలిసినచో ఈ యెదురు నశించును. పెసరట్టుపై అల్లపు పచ్చడిని మొదటనే పూసి కొంతసేపుంచినచో అట్టు మెత్తబడును, పచ్చడి పలుచనగును, రెండును చెడును. కావున నంజు నోటికి వచ్చువఱకు విడిగానే యుండవలెను.

ఎదురైన ప్రతి వస్తువును జతకు తగదు. చరకసంహిత సూత్రస్థానము ఇరువదియాఱవ యధ్యాయము ఈ విషయమున ఆలోచనీయము. అందు ఆఱు రుచులు విడిగాను కలిసియు 63 విధములగునని లెక్క చూపబడినది: విడిగా 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, అన్నియు కలిసి 1. అదే యధ్యాయమున చేపలు, పాలు మొదలుగా కూడరాని వస్తువులును చెప్పబడినవి. సాధ్యముల లెక్కయు నిషేధముల పట్టికయు ఒకే చోట నున్నవి. ఐనను ఈ రెంటి నడుమ, ఈ పూట ఈ యింట ఏది దేనితో కూడవలెననునది శాస్త్రము చెప్పదు; చెప్పజాలదు. ఆ ఖాళీ గృహిణిది. ఉగాది పచ్చడి ఆఱు రుచులును కలిసిన ఆ యొక్క భేదమునకు ఉదాహరణము. అందును వేపపూవు చేదు, మామిడిముక్క పులుపు పంటికి దగిలినపుడెల్ల విడివిడిగా తెలియుచునే యుండును. అదియును పూర్తిగా పానకము కాలేదు.

ఇటీవలి విజ్ఞానశాస్త్రమును ఈ విషయమున ప్రవేశించినది. 2011లో వెలువడిన యొక పరిశోధన వేలకొలది పాకవిధులను గణించి, పశ్చిమయూరపు, ఉత్తర అమెరికా వంటలలో వాసనద్రవ్యములను సమానముగా గల వస్తువులు జతగూడుటకు మొగ్గుచూపుననియు, తూర్పు ఆసియా వంటలలో అట్టి జతలు తప్పింపబడుననియు తేల్చినది. 2015లో గణేశ్ బాగ్లరును, ఆయన సహపరిశోధకులును భారతదేశపు ప్రాంతీయ వంటలను పరిశీలించి, ఇచ్చటను భిన్నద్రవ్యములు గల వస్తువులే జతగూడుచున్నవనియు, దీనికి మసాలాదినుసులు ముఖ్యకారణమనియు ప్రకటించిరి. విజాతీయములను కలుపుట మన వంటకు స్వభావమను మాటకిది కొంత బలము. ఐనను ఈ గణనలకు ప్రమాణము ఒక్కొక్క పాకవిధి. కందిపచ్చడి ఒక విధి. పచ్చిపులుసు వేఱొక విధి. రెండును ఒక్క ముద్దలో కలియు సంగతి ఆ లెక్కలోనికి రాదు. తెలుగు భోజనమునకు ప్రమాణము గిన్నె కాదు, ముద్ద. ముద్దను విడిచి గిన్నెను లెక్కించిన శాస్త్రమును, విస్తరిని విడిచి పానకమును గ్రహించిన అలంకారశాస్త్రమును ఒకే చోట ఆగినవని చెప్పవచ్చును.

4

ఇక కావ్యములకు వత్తము. క్రీడాభిరామమున ఓరుగల్లులోని పూటకూటియింటి భోజనమును వర్ణించు పద్యము సుప్రసిద్ధము. కృతికర్త వినుకొండ వల్లభరాయడా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తలచినట్లు శ్రీనాథుడా యను వివాదము మాకిచ్చట ప్రస్తుతము కాదు. ఒక్క రూకకు ఆ యింట పెట్టబడునవి: కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు; వీనితో నాలుగైదు నంజులు. చవుకధరకు గొప్ప భోజనము లభించిన కాలమును చూపుటకు ఈ పద్యమును ఉదాహరించుట వాడుక. అంతటితో ఆగరాదు. కవి పేరుపెట్టి చెప్పిన వస్తువుల నొక్కమాఱు రుచిదృష్టితో చూడవలెను. అన్నియు తీయనివి, కమ్మనివి, మెత్తనివి. కారము లేదు, చేదు లేదు, పెరుగునందు తప్ప పులుపు లేదు. ఇంతటి మెత్తదనమును మోయగల యెదురు ఆ నాలుగైదు నంజులలోనే యుండవలెను. వానికి మాత్రము కవి పేర్లు చెప్పలేదు; సంఖ్యనే చెప్పెను.

ఈ మౌనము యాదృచ్ఛికము కాదని మా నమ్మకము. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింటి వానకాలపు భోజనమును జెప్పుచు కృష్ణరాయలును నాలుగైదు కూరలని సంఖ్యనే చెప్పెను. అన్నము, పప్పు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి పేరు గలవి. కూరలు సంఖ్య గలవి. మాఱనివానికి పేరు, మాఱుచుండువానికి సంఖ్య. ఆనాడు తోటలో ఏమి దొరకినదో, అటుకమీద ఏమి మిగిలినదో దానినిబట్టి నిర్ణయింపబడు భాగమును కవులిద్దఱును గృహిణికి విడిచిరి. వర్ణించు కవికి తన యధికారము ఎచ్చట ముగియునో తెలిసినది.

ఆముక్తమాల్యదలోని యీ యాతిథ్యపద్యములు మూడు ఋతువులకు మూడు. వానకాలపు పద్యమున, పొగ కన్నులలో జొరకుండ భార్య కొబ్బరిపీచును మంటబెట్టి వండుచున్నది. వడియములును వరుగులును వేసవి యెండలో ఎండినవి. తడిసిన లోకమున, తడియాఱని దినములలో, దాచిన యెండను కరకరలాడు రూపమున పెరుగు ప్రక్కన వడ్డించుట ఈ భోజనములోని మర్మము. ఇది ఋతువునకు అనుకూలమను మాట చాలదు. ఋతువునకు ఎదురుగా పెట్టబడిన నంజు. వేసవి పద్యమున గోరువెచ్చని యన్నము, తియ్యని చారులు, పలుచని అంబలులు, చెఱకురసము, లేతకొబ్బరినీళ్ళు, నీరుమజ్జిగ వరుసగా వచ్చును. ఇంత జలమయమైన వరుసలో ఉప్పున నానిన పిందెలు, ఊరుగాయలు లేనిచో నాలుక సోలిపోవును. కవి వానిని మఱవలేదు. చలికాలపు పద్యమున మిరియపుపొడితో వేగిన కూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్ళు, చేతికి చుఱుక్కుమను నేయి గలవు. వీనితో పాయసమును పాలును గలవు.

మిరపకాయ మనకు 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి వలన చేరినది. శ్రీనాథుని నాటికిగాని పోతన నాటికిగాని అది లేదు. రాయల విస్తరియందును లేదు. ఈ కవుల భోజనవర్ణనలలో కారము మిరియముది, ఆవది. మిరియము నాలుకను దాకును. ఆవ నాలుకతో ఆగక నాసికను దాకును. శ్రీనాథుడు శృంగారనైషధమున పెండ్లివిందును వర్ణించుచు ఆవపచ్చళ్ళను పుల్లపెరుగుతో జతపఱచి, ఘాటు నడినెత్తి కెక్కి ముక్కుపుటములనుండి పొగలు వెడలినట్లు చెప్పెను. హాస్యమునకై చెప్పిన అతిశయోక్తి యని దీనిని విడువరాదు. నలిగిన ఆవకు తడి తగిలి ఘాటు పుట్టుట, చల్లని పెరుగులోనుండి వేడి పుట్టుటయను విరోధము, ఈ రెండును ఆ పద్యమున పనిచేయుచున్నవి. చల్లనిదాని నోట పొగ పుట్టించుట విరోధాభాసమే. అలంకారము వంటలోనే యున్నది, కవి దానిని కనుగొనెను.

వీనన్నింటికంటె మా వాదమునకు బలమైన సాక్ష్యము పోతన దశమస్కంధమున దొరకుచున్నది. బాలకృష్ణుడు గోపబాలకుల నడుమ చల్దులారగించు పద్యమున, మీగడపెరుగుతో మేళవించిన చల్దిముద్ద ఎడమచేత నున్నది. ఊరుగాయలు వ్రేళ్ళసందులలో నున్నవి. సంస్కృత మూలమున మెత్తని కబళమును, దానికి తగిన ఫలములును మాత్రమే గలవు. పోతన కబళమును పెరుగుచల్దిగా స్పష్టపఱచి, ఫలములను ఊరుగాయలుగా మార్చెను. మార్పు చిన్నది, ఫలితము పెద్దది. తియ్యని పండైనచో అది పెరుగుముద్దలో చేరిపోవు మెత్తదనమే. ఊరుగాయ దానికి ఎదురు. మఱియు అఱచేతిలో కలిపినది, వ్రేళ్ళసందున కలుపనిది, రెండును ఒక్క చేతిలో నిలిచినవి. విస్తరి లేదు, గిన్నె లేదు. బాలుని చేయియే విస్తరియైనది.

పద్యార్థమును ఈ చేతివలెనే యున్నది. యజ్ఞములలో హవిస్సు నందుకొను దేవుడు పశులకాపరుల నడుమ చల్ది తినుచున్నాడు. దేవతలు అబ్బురపడి చూచుచున్నారు. దైవత్వము శైశవమున కరగిపోయినచో దేవతలకు అబ్బురమెందుకు? శైశవము దైవత్వమున అణగిపోయినచో చల్దికి రుచియెక్కడిది? రెండును విడిగా నిలిచి, పాఠకుని మనస్సున మాత్రమే కలియుచున్నవి. పానకన్యాయమున ఈ పద్యమును వ్యాఖ్యానించినచో భక్తిరసమున తక్కినవి లీనమైనవని చెప్పవలసివచ్చును. అది పద్యమున జరుగుటలేదు. భక్తికి బాల్యము నంజు. బాల్యమునకు భక్తి నంజు. అనువదించువేళ ఫలమును ఊరుగాయగా మార్చిన చేయి యీ యర్థము నెఱిగిన చేయియే.

5

మా వాదముపై కొన్ని యాక్షేపములు రాదగును. ఔచిత్యమను మాటలోనే ఇది యిమిడియున్నదని యొకరనవచ్చును. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము తగినదానిని తగినచోట నుంచుమనును. కాని తగినదన నేది? సామ్యమువలన తగినదా, విరోధమువలన తగినదా? ఈ ప్రశ్నకు నంజు స్పష్టమైన యుత్తర మిచ్చుచున్నది: ప్రధానవస్తువున లేని గుణముగలదియై, దానిని చెఱుపక వెల్లడించునది తగినది. ఔచిత్యము ఫలమును చెప్పును. నంజు మార్గమును చెప్పును.

అఖండరసవాదమును మేము త్రోసిపుచ్చుచున్నామని వేఱొకరు తలపవచ్చును. అట్లు కాదు. పులుసునందు పానకన్యాయమే ప్రమాణము; ఏకరసప్రధానములైన పద్యములయందును అదియే ప్రమాణము. కాని తెలుగు కావ్యము పుట్టుకనుండియు చంపువు. పద్యము ప్రక్కన గద్యము, సంస్కృతసమాసము ప్రక్కన దేశ్యపదము విడిగా నిలిచి పరస్పరము వెల్లడించుకొనుట దాని స్వభావము. పైన చెప్పిన వానకాలపు పద్యముననే అన్నమును, నేయియు సంస్కృతసమాసములలో నుండగా, పప్పు, వడియము, వరుగు, పెరుగు తెనుగుమాటలుగా వాని నడుమ నున్నవి. వీనిని ఒక్క శైలిగా కరగించి చూచు విమర్శ, కరకరలాడు వరుగును పెరుగులో నానవేసి వడ్డించినట్లుండును.

మూడవ యాక్షేపము బరువైనది. ఇది కలవారి విస్తరికి సంబంధించిన రసికత కాదా యని. దీనికి సమాధానము పేదవాని గిన్నెయే చెప్పును. నాలుగు కూరలున్న విస్తరిలో ఒక నంజు తగ్గినను భోజనము సాగును. అంబలి యొక్కటే యున్నచోట ఉల్లిపాయయో, మిరపకాయయో లేక ముద్ద దిగదు. జతపఱచు నేర్పు కొఱతవలన పదునెక్కును. పలనాటిసీమ తిండిని గూర్చి శ్రీనాథునిదిగా చెప్పబడు చాటుపద్యము కలియు, అంబలియు, అన్నమును జొన్నలేయని వాపోవుచున్నది. అన్నిటను జొన్నయే యని చూచిన ఆ కంటికి జొన్నకు తోడైన నంజు కనబడలేదు. వరియన్నపు రుచి మరిగిన యతిథి ధాన్యమును లెక్కించెను. ఆ యింటివారు ముద్దను కూర్చుకొనిరి. చాటువును చదువునపుడు చెప్పినదానితో పాటు చూడనిదానిని చెప్పుటయు విమర్శకుని విధి.

6

దీనివలన పరిశోధకులకు కలుగు కర్తవ్యము రెండు విధములు. భోజనవర్ణనలను పరిష్కరించువారును, వ్యాఖ్యానించువారును వంటకముల పేర్లకు అర్థము వ్రాసి తృప్తిచెందక, ఏది దేనితో తినబడునో వ్రాయవలెను. వరుగనగా ఎండబెట్టిన కూరముక్క యని వ్రాసినచో పదార్థము తెలియును; పెరుగుతో దాని జత తెలిసినగాని పద్యార్థము తెలియదు. వంటకమునకు అర్థము దాని తోడులో గలదు.

రెండవది పదసేకరణము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశములలో వ్యవసాయపదములను భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ప్రకటించినది. చేనేతపదములు తరువాత వచ్చినవి. నాగలికిని మగ్గమునకును చూపిన ఆ శ్రద్ధను పొయ్యికిని చూపవలెను. తెలంగాణపు తొక్కు, రాయలసీమ ఊరుబిండి, కోస్తా దప్పళము కేవలము పేర్లుగా గాక, తమ జతలతో, ఋతువులతో, కలుపు క్రమముతో వ్రాతకెక్కవలెను. దించిన పిదప ఆవ కలుపవలెనను క్రమము ఏ యలంకారగ్రంథమునను లేదు. అది చేతినుండి చేతికి వచ్చినది. ఊరుగాయయు, పచ్చడియు అంగడిలో సీసాలలో దొరకు కాలమున వస్తువు మిగులును. ఏ సీసాను ఏ ముద్దకు, ఏ ఋతువున తెఱవవలెనను తెలివి మిగులునని చెప్పలేము. ఆ తెలివి పోయిననాడు ఓరుగల్లు పూటకూటి పద్యములోని నాలుగైదు నంజులు వట్టి సంఖ్యగా మిగిలిపోవును.

వానకాలపు పద్యమున కొబ్బరిపీచు మంటతో వండిన ఆ గృహిణికి కవి పేరు పెట్టలేదు. కూరలు నాలుగో ఐదో తేల్చినది ఆమె. వడియమును ఎండనాడే తలచి దాచినది ఆమె. రసమను మాటను ఆమె యింటినుండి తెచ్చుకొన్న శాస్త్రము, ఆమె చేసిన నిర్ణయములను గూడ తన విచారణలోనికి తెచ్చుకొనవలెనని మా మనవి.